గణిత మేధావి శ్రీనివాస రామానుజన్: అరువు పుస్తకంతో నేర్చిన బీజగణితం

భారతదేశం ప్రపంచానికి అందించిన గణిత మేధావుల్లో అగ్రగణ్యులు శ్రీనివాస రామానుజన్. ఆయన పుట్టిన రోజైన డిసెంబరు 22ను 2012 నుంచి జాతీయ గణిత దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు బడుల్లో, కళాశాలల్లో ఆయన ఫొటోకు దండ వేస్తారు. 1729 కథ చెబుతారు. నామగిరి అమ్మవారు కలలో కనిపించి సూత్రాలు చెప్పేదని కూడా చెబుతారు. ఇవన్నీ విన్న విద్యార్థికి చివరికి ఒక్కటే అనిపిస్తుంది. ఆయన దైవాంశ సంభూతుడు, మనకూ ఆయనకూ పోలిక లేదు, మన బీజగణితం మన పాస్ మార్కుల వరకే అనిపిస్తుంది.

కానీ ఆయన జీవితాన్ని సంవత్సరాల వారీగా చదివితే మరో రామానుజన్ కనిపిస్తారు. ఆయన బట్టల కొట్లో గుమాస్తా కొడుకు. పుస్తకం అరువు తెచ్చుకుని చదివిన విద్యార్థి. కాగితం ఖరీదు భరించలేక పలక మీద లెక్కలు చేసిన యువకుడు. స్కాలర్‌షిప్పు పోగొట్టుకుని, నేటి ఇంటర్మీడియట్‌కు సమానమైన ఎఫ్.ఏ. పరీక్షలో రెండుసార్లు ఫెయిలైన వ్యక్తి. ఆయన మొదలుపెట్టిన బీజగణితం కూడా ఆకాశంలోంచి ఊడిపడింది కాదు. సమీకరణాలు, ద్విపద సిద్ధాంతం, అనంత శ్రేణులు, అంటే మనం ఇంటర్లో, డిగ్రీలో చదివే పాఠాలే. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన గురించి రాయాలనుకున్నాను.

జననం, బాల్యం

రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడులో అమ్మమ్మగారి ఇంట జన్మించారు. పెరిగింది కుంభకోణంలో. తండ్రి కుప్పుస్వామి శ్రీనివాస అయ్యంగారు ఒక బట్టల వ్యాపారి దగ్గర గుమాస్తా. నెల జీతం 20 రూపాయలు. తల్లి కోమలతమ్మాళ్ గుడిలో భజన పాటలు పాడేవారు. ఇల్లు గడవడానికి కళాశాల విద్యార్థులను ఇంట్లో ఉంచుకుని భోజనం పెట్టేవారు. రామానుజన్‌కు రెండేళ్ల వయసులో మశూచి సోకింది. ఆయన బతికి బయటపడ్డారు. తర్వాత పుట్టిన పిల్లలు కొందరు పసితనంలోనే పోయారు.

ఆ రోజుల్లో మన చిత్తూరు, నెల్లూరు, విశాఖపట్నం, కుంభకోణం అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. చిత్తూరు జిల్లా ప్రత్యేకంగా ఏర్పడింది 1911లో. కాబట్టి రామానుజన్ రాసిన పరీక్షలే, ఆనాడు చదువుకోగలిగిన మన ప్రాంతం పిల్లలూ రాసేవారు.

1897లో ప్రాథమిక పరీక్షలో అంకగణితంలో రామానుజన్‌కు తంజావూరు జిల్లాలో మొదటి స్థానం వచ్చింది. మరుసటి ఏడాది టౌన్ హైస్కూల్లో చేరారు. ఇంట్లో భోజనానికి ఉన్న కళాశాల విద్యార్థుల పుస్తకాలు తీసుకుని చదవడం అలవాటైంది. అలా చేతికందిన లోనీ త్రికోణమితి పుస్తకాన్ని 13వ ఏటికే పూర్తి చేశారు. మనకు హాస్టల్లో పై తరగతి అన్నల పుస్తకాలు ఎలా చేతులు మారతాయో, ఆయనకూ అలాగే చదువు అందింది.

ఐదో ఘాతం దగ్గర ఆగిన బాలుడు

రెండో ఘాత సమీకరణాన్ని సాధించే సూత్రం పదో తరగతి విద్యార్థికి కూడా తెలుసు. మూడో ఘాతానికి, నాలుగో ఘాతానికి కూడా సూత్రాలున్నాయి. వీటిని ఇటలీకి చెందిన కార్డనో 1545లో తన పుస్తకంలో ప్రచురించారు. మూడో ఘాతం పద్ధతి ఆయన టార్టాగ్లియా నుంచి తెలుసుకున్నది. నాలుగో ఘాతం పద్ధతి ఆయన శిష్యుడు ఫెరారీ కనిపెట్టింది. నేను చదివిన ఇంటర్ రెండో సంవత్సరం పుస్తకంలో సమీకరణ వాదం అనే పాఠం ఉండేది. మూలాల మొత్తం, మూలాల లబ్ధం, వ్యుత్క్రమ సమీకరణాలు అందులో నేర్పేవారు. ఆ పాఠానికి వెనకున్న చరిత్ర ఇదే.

1902లో రామానుజన్‌కు మూడో ఘాత సమీకరణం సాధించే పద్ధతి ఎవరో చూపించారు. నాలుగో ఘాతానికి తన సొంత పద్ధతి తానే కనిపెట్టారు. మరుసటి ఏడాది ఐదో ఘాతం మీద పడ్డారు. ఎంత ప్రయత్నించినా కుదరలేదు. అది ఆయన తెలివి లోపం కాదు. వర్గమూలాలు, ఘనమూలాల వంటి మూలాలు, కూడిక, తీసివేత, గుణకారం, భాగహారాలతో ఐదో ఘాతానికి సాధారణ సూత్రం ఇవ్వడం అసాధ్యమని నార్వే దేశపు యువకుడు ఆబెల్ 1824లోనే రుజువు చేశారు. ఆ సంగతి చెప్పేవారు కుంభకోణంలో ఆ బాలుడి దగ్గర లేరు. డిగ్రీలో మనం సమూహాలు చదివేటప్పుడు, ఇవన్నీ ఎందుకు సార్ అని అడుగుతాం కదా. ఏ సమీకరణానికి సూత్రం ఉంటుందో, దేనికి ఉండదో తేల్చడానికే గాల్వా అనే ఫ్రెంచి యువకుడు సమూహాల ఆలోచన తెచ్చారు. బీజగణితం జవాబు తీయడం మాత్రమే కాదు, జవాబు ఎందుకు రాదో చెప్పడం కూడా నేర్పుతుంది. తెలివి ఎంత ఉన్నా, దారి చూపే మనిషి లేకపోతే ఎంత శ్రమ వృథా అవుతుందో కూడా ఈ సంఘటన చెబుతుంది.

అరువు తెచ్చిన పుస్తకం

1903లో స్నేహితుల ద్వారా రామానుజన్ చేతికి ప్రభుత్వ కళాశాల గ్రంథాలయం నుంచి ఒక పుస్తకం వచ్చింది. కార్ అనే ఇంగ్లండు ట్యూషన్ మాస్టారు పరీక్షలకు వెళ్లే విద్యార్థుల కోసం తయారు చేసిన సంగ్రహం అది. బీజగణితం, త్రికోణమితి, కలన గణితం, వైశ్లేషిక జ్యామితి, అన్నీ కలిపి సుమారు 5 వేల ఫలితాలు వరుస సంఖ్యలు వేసి ఉంటాయి. నిరూపణలు చాలా తక్కువ. ఉన్నవి కూడా ఒకటి రెండు మాటల్లోనే. మన భాషలో చెప్పాలంటే అదొక గైడు.

గైడు చేతికొస్తే మనం ఏం చేస్తాం? వచ్చే ప్రశ్నలకు టిక్ పెట్టుకుని బట్టీ పడతాం. రామానుజన్ అందుకు పూర్తిగా వ్యతిరేకంగా చేశారు. పక్కన సాయం చేసే మరో పుస్తకం లేదు కాబట్టి, ప్రతి ఫలితాన్నీ ఎవరూ సాధించని లెక్కగా భావించి మొదటి నుంచి తానే రాబట్టారు. ఒకటి రాబట్టేసరికి దాని పక్కన మరో రెండు కొత్తవి కనిపించేవి. పలక మీద చేసి, మోచేత్తో తుడిచి, మళ్లీ చేసి, చివరికి తేలిన ఫలితాన్ని మాత్రమే నోటు పుస్తకంలో ఎక్కించేవారు. కాగితం ఖరీదు అలాంటిది. ఆయన నోటు పుస్తకాల్లో ఫలితాలు ఉండి నిరూపణలు లేకపోవడానికి ఆ పేదరికం ఒక కారణం, కార్ పుస్తకం పద్ధతి మరో కారణం. ఆ అలవాటు ఆయనకు తర్వాత ఎంత ఇబ్బంది తెచ్చిందో ముందు చూస్తాం.

పరీక్షలో పరాజయం

1904లో టౌన్ హైస్కూలు నుంచి బహుమతితో బయటికొచ్చిన రామానుజన్‌కు కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో స్కాలర్‌షిప్పు దొరికింది. ఎఫ్.ఏ.లో గణితం ఒక్కటే ఉండదు. ఇంగ్లీషు, సంస్కృతం, గ్రీకు రోమన్ చరిత్ర, శరీర ధర్మ శాస్త్రం కూడా ఉంటాయి. ఆయన మనసంతా గణితం మీదే. ఇంగ్లీషు వ్యాస రచనలో తప్పారు. స్కాలర్‌షిప్పు పోయింది. 20 రూపాయల జీతంతో నడిచే ఇంట్లో స్కాలర్‌షిప్పు పోవడమంటే చదువే పోవడం. రెన్యువల్ కాని స్కాలర్‌షిప్పు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మనకు ఆ బాధ ఒకరు చెప్పనక్కర లేదు.

1905 ఆగస్టులో ఆయన ఇంట్లో చెప్పకుండా రైలెక్కి విశాఖపట్నం వెళ్లిపోయారు. అప్పటికి వయసు 17. బాలుడు కనిపించడం లేదని పత్రికలో ప్రకటన వచ్చింది. కొంతకాలానికి ఇల్లు చేరారు. 1906లో మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో మళ్లీ చేరారు. జబ్బు చేసింది. ఆ ఏడాది డిసెంబరులో ఎఫ్.ఏ. రాసి తప్పారు. 1907లో ప్రైవేటుగా రాసి మళ్లీ తప్పారు. గణితంలో తిరుగు లేదు, మిగతా వాటిలో పాస్ మార్కులు లేవు. ఆ తర్వాత ఆయన ఎఫ్.ఏ. ఇక ఎన్నడూ పాస్ కాలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం పత్రికల్లో ఎలాంటి వార్తలు వస్తాయో మనందరికీ తెలుసు. ఒక సబ్జెక్టు పోయిందని ప్రాణం తీసుకున్న పిల్లల వార్తలు చదువుతూనే ఉన్నాం. 1905లో ఇల్లు వదిలి వెళ్లిన ఆ 17 ఏళ్ల కుర్రవాడు తిరిగి రాకపోయి ఉంటే, ప్రపంచ గణితంలో ఎన్ని పేజీలు ఖాళీగా ఉండిపోయేవో లెక్క కట్టలేం. ఫెయిలైన రోజున మన పక్క మంచం మీద కూర్చున్న మిత్రుడిని ఒంటరిగా వదలకూడదు. ఈ వ్యాసంలో మరేదీ గుర్తుండకపోయినా ఇది గుర్తుంటే చాలు.

నెల్లూరు కలెక్టరు

1909 జూలైలో రామానుజన్‌కు జానకితో వివాహమైంది. ఆమె అప్పటికి పసిపిల్ల. ఉద్యోగం కావాలి. డిగ్రీ లేదు. ఇంటర్ కూడా లేదు. 1910లో ఆపరేషన్ చేయించుకోవాల్సి వస్తే చేతిలో డబ్బు లేక, ఒక డాక్టరు ఉచితంగా చేశారు. మద్రాసులో స్నేహితుల గదుల్లో ఉంటూ, ట్యూషన్లు చెబుతూ, చంకలో నోటు పుస్తకాలతో తిరిగారు.

భారత గణిత సంఘాన్ని స్థాపించిన వి. రామస్వామి అయ్యర్ అప్పుడు తిరుక్కోయిలూరులో డిప్యూటీ కలెక్టరు. రామానుజన్ ఆయనను కలిసి ఏదైనా గుమాస్తా ఉద్యోగం ఇప్పించమని కోరారు. నోటు పుస్తకాలు చూసిన రామస్వామి అయ్యర్ ఈ యువకుడిని గుమాస్తా పనిలో పూడ్చకూడదనుకుని మద్రాసులోని గణిత మిత్రులకు పరిచయ లేఖలు ఇచ్చారు. ఆ దారి చివరికి మన పొరుగునే ఉన్న నెల్లూరుకు చేరింది. నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు గణితం చదివినవారు, గణిత సంఘంలో ముఖ్యులు. 1910 చివర్లో రామానుజన్ ఆయనను కలిశారు.

మొదట కలెక్టరుకు నమ్మకం కుదరలేదు. మాసిన బట్టలు, చేతిలో అర్థం కాని పుస్తకం. కానీ పంపించేయలేదు. మళ్లీ రమ్మన్నారు. మూడు నాలుగు సార్లు కూర్చోబెట్టుకుని వినగా వినగా, తన ముందున్నది సామాన్యుడు కాదని గ్రహించారు. ఏం కావాలని అడిగితే, ఆకలి లేకుండా పని చేసుకోగలిగితే చాలని రామానుజన్ కోరారు. రామచంద్రరావు ఆయనను మద్రాసు పంపి, నెలకు 25 రూపాయల చొప్పున తన సొంత డబ్బు ఇస్తూ వచ్చారు.

ఆ 25 రూపాయల విలువ హాస్టల్లో చదివిన మనకు బాగా తెలుసు. మెస్సులో రెండు పూటలా భోజనం, తల దాచుకోవడానికి గది ఉంటేనే పుస్తకం తెరుచుకుంటుంది.

మూడు అని వచ్చిన జవాబు

1911లో భారత గణిత సంఘం పత్రికలో రామానుజన్ మొదటి పరిశోధన వ్యాసం అచ్చయింది. అదే ఏడాది ఆ పత్రిక పాఠకులకు ఆయన ఒక లెక్క ఇచ్చారు. √(1 + 2√(1 + 3√(1 + 4√(1 + ...)))) ఇలా ఎడతెగకుండా సాగే వర్గమూలం విలువ ఎంత? ఆరు నెలలు గడిచినా ఎవరూ సాధించి పంపలేదు. జవాబు 3.

ఇది ఎలా వచ్చింది? మనం తొమ్మిదో తరగతిలో నేర్చుకున్న సర్వసమీకరణంతోనే. ఏ సంఖ్య వర్గమైనా, దాని ముందు సంఖ్యను తర్వాతి సంఖ్యతో గుణించి 1 కలిపితే వస్తుంది. 3 వర్గం 9. అది 1 + 2 × 4. కాబట్టి 3 = √(1 + 2 × 4). ఇందులోని 4ను మళ్లీ √(1 + 3 × 5)గా రాయవచ్చు. అందులోని 5ను √(1 + 4 × 6)గా రాయవచ్చు. 6ను √(1 + 5 × 7)గా రాయవచ్చు. ఇలా ఒకదాని లోపల ఒకటి పెట్టుకుంటూ పోతే రామానుజన్ ఇచ్చిన లెక్క తయారవుతుంది. అనంతంగా పోయినా విలువ 3 దగ్గరే స్థిరపడుతుందని చూపడానికి మరికొంత పని ఉంది. విత్తనం మాత్రం తొమ్మిదో తరగతిదే. స్టడీ అవర్లో ఒక కాగితం తీసుకుని చేసి చూడండి. పరీక్షల కోసం బట్టీ పట్టిన ఆ చిన్న సూత్రం లోపల ఇంత లోతు ఉందా అనిపిస్తుంది.

పోర్టు ట్రస్టు నుంచి కేంబ్రిడ్జి

ఊరికే ఒకరి డబ్బు తీసుకోవడం రామానుజన్‌కు ఇష్టం లేకపోయింది. 1912 మార్చి 1న మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల జీతంతో గుమాస్తాగా చేరారు. అక్కడ పై అధికారి నారాయణ అయ్యర్ కూడా గణితం తెలిసినవారు కావడం అదృష్టం. రాత్రిళ్లు ఇద్దరూ పలకలు పట్టుకుని కూర్చునేవారు.

1913 జనవరి 16న రామానుజన్ కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలలో ఉన్న జి.హెచ్. హార్డీకి ఉత్తరం రాశారు. అంతకుముందు మరో ఇద్దరు ఇంగ్లండు ఆచార్యులకు రాస్తే ఫలితం లేకపోయింది. హార్డీకి పంపిన ఉత్తరంలో సుమారు 120 ఫలితాలు ఉన్నాయి. నిరూపణలు లేవు. హార్డీ తన సహచరుడు లిటిల్‌వుడ్‌తో కలిసి కూర్చుని పరిశీలించారు. కొన్ని అప్పటికే తెలిసినవి. కొన్ని ఎన్నడూ చూడనివి. అవి నిజం కాకపోతే అలాంటివి కల్పించే ఊహ ఎవరికీ ఉండదని హార్డీ తేల్చుకున్నారు. ఆ తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయం కదిలింది. ఎఫ్.ఏ. కూడా పాస్ కాని వ్యక్తికి 1913 మే నుంచి నెలకు 75 రూపాయల పరిశోధక స్కాలర్‌షిప్పు ఇచ్చింది. 1914 మార్చి 17న ఆయన మద్రాసులో ఓడ ఎక్కారు.

అదే కాలంలో అంబేద్కర్

రామానుజన్ పేద కుటుంబంలో పుట్టినా బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. బడి తలుపు ఆయనకు మూసి లేదు. గురువులు పక్కన కూర్చోబెట్టుకున్నారు. అదే కాలంలో సతారా బడిలో అంబేద్కర్ ఇంటి నుంచి తెచ్చుకున్న గోనె పట్టా మీద విడిగా కూర్చున్నారు. బడి కుండలో నీళ్లు ముట్టుకోనివ్వలేదు. 1907లో, రామానుజన్ ఎఫ్.ఏ. రెండోసారి తప్పిన ఏడాదే, అంబేద్కర్ మెట్రిక్యులేషన్ పాసయ్యారు. 1913లో రామానుజన్‌కు మద్రాసు స్కాలర్‌షిప్పు వస్తే, అదే ఏడాది అంబేద్కర్ బరోడా స్కాలర్‌షిప్పుతో అమెరికా వెళ్లారు. 1916లో అంబేద్కర్ లండన్ చేరేసరికి రామానుజన్ కేంబ్రిడ్జిలో ఉన్నారు. 1917లో బరోడా స్కాలర్‌షిప్పు గడువు తీరి అంబేద్కర్ చదువు మధ్యలో ఆపి తిరిగి రావలసి వచ్చింది.

ఇద్దరు మేధావుల దారి కూడా స్కాలర్‌షిప్పు మీదే ఆధారపడి ఉంది. ఆ రోజుల్లో మన తాతముత్తాతలకు బడి గడప కూడా అందలేదు. రామానుజన్‌కు దొరికిన ఒక్క రామచంద్రరావు కూడా దొరకక, పలక కూడా పట్టకుండా పొలాల్లో, చెప్పుల పనిలో జీవితం గడిచిన రామానుజన్‌లు మన పల్లెల్లో ఎందరో ఎవరూ లెక్కపెట్టలేదు. ఒకరి దయ మీద ఆధారపడిన భోజనాన్ని హక్కుగా మార్చడానికే సంక్షేమ హాస్టళ్లు వచ్చాయి.

రుజువు నేర్చుకున్న మేధావి

కేంబ్రిడ్జిలో రామానుజన్‌కు ఎదురైన పెద్ద సమస్య నిరూపణ. తాను నమ్మిన ఫలితం నిజమని ఇతరులకు మెట్టు మెట్టుగా చూపడం ఆయనకు అలవాటు లేదు. పైగా ఆయన ఉత్తరంలో ప్రధాన సంఖ్యల గురించి రాసిన కొన్ని ఫలితాలు తప్పని తేలాయి. సంకీర్ణ సంఖ్యల మీద కట్టిన గణితం ఆయనకు అంతకుముందు అందలేదు. ఆ లోటు వల్లే అక్కడ పొరబడ్డారు. అంత మేధావికి కూడా చదవని పాఠం దగ్గర దెబ్బ తగిలింది. హార్డీ ఆయన సహజ శక్తి చెడకుండా, కావలసినంత వరకే జాగ్రత్తగా నేర్పారు. స్టెప్పులు రాయకపోతే మార్కులు కోస్తారని మనం సార్లను తిట్టుకుంటాం. స్టెప్పు అంటే మార్కు కోసం రాసే వరుస కాదు. ఎదుటివాడు నమ్మాలంటే మన ఆలోచన అతడి దాకా నడిచి వెళ్లే మెట్టు అది.

1916 మార్చిలో ఒక పెద్ద పరిశోధన వ్యాసం ఆధారంగా కేంబ్రిడ్జి ఆయనకు బి.ఏ. పట్టా ఇచ్చింది. ఆయన జీవితంలో అదే మొదటి డిగ్రీ.

హార్డీతో కలిసి చేసిన పనిలో ప్రసిద్ధమైనది విభజనల లెక్క. 4ను ధన పూర్ణాంకాల మొత్తంగా ఎన్ని విధాలుగా రాయవచ్చు? 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1. మొత్తం 5. ఇలా 5కు 7 విధాలు, 10కి 42 విధాలు. 100కు వచ్చేసరికి 19,05,69,292 విధాలు. వేళ్ల మీద లెక్కించేది కాదు. ద్విపద సిద్ధాంతంలో 1 బై (1 మైనస్ ఎక్స్) విస్తరణ రాస్తాం కదా. అలాంటి విస్తరణలను వరుసగా గుణించుకుంటూ పోతే, ఎక్స్ ఘాతాల గుణకాలుగా ఈ విభజనల సంఖ్యలే వస్తాయి. ఈ సంగతి ఆయిలర్ కాలం నుంచి తెలుసు. కానీ పెద్ద సంఖ్యలకు విలువ నేరుగా ఇచ్చే సూత్రం లేదు. 1918లో హార్డీ, రామానుజన్ దాన్ని సాధించారు. 200కు విభజనల సంఖ్య 39,72,99,90,29,388 అని మాక్‌మహన్ చేతితో చేసిన లెక్కతో వారి సూత్రం సరిపోయింది.

ఆ పట్టికలు చూస్తూనే రామానుజన్ మరో వింత పట్టుకున్నారు. 4కు 5 విధాలు, 9కి 30, 14కు 135, 19కి 490. అన్నీ 5తో నిశ్శేషంగా భాగించబడతాయి. 4తో గానీ 9తో గానీ అంతమయ్యే ఏ సంఖ్యకైనా ఇది నిజమని ఆయన రుజువు చేశారు. ఈసారి ఫలితంతో పాటు నిరూపణ కూడా ఆయనే ఇచ్చారు.

1918లో ఆయన రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు. ఆ గౌరవం పొందిన రెండో భారతీయుడు ఆయన. అదే ఏడాది అక్టోబరులో ట్రినిటీ కళాశాల ఫెలో అయ్యారు. అక్కడ ఆ స్థానం పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

అనారోగ్యం, 1729

ఇదంతా సుఖంగా జరగలేదు. 1914 ఆగస్టులో యుద్ధం మొదలైంది. శాకాహారి అయిన ఆయనకు సరుకులు దొరకడం కష్టమైంది. చలి, తానే వండుకోవడం, వేళాపాళా లేని తిండి, ఒంటరితనం. 1917లో జబ్బు పడ్డారు. క్షయ అనుకుని ఆసుపత్రులు మార్చారు. అది కాలేయానికి సోకిన అమీబియాసిస్ కావచ్చని చాలా కాలం తర్వాత ఆ రికార్డులు పరిశీలించిన వైద్యులు అభిప్రాయపడ్డారు.

అందరికీ తెలిసిన 1729 కథ ఆ రోజులదే. ఆసుపత్రిలో చూడడానికి వచ్చిన హార్డీ తాను ఎక్కిన టాక్సీ నెంబరు 1729 అని, ఏ విశేషమూ లేని సంఖ్యలా ఉందని అన్నారు. రెండు ఘనాల మొత్తంగా రెండు విధాలుగా రాయగల సంఖ్యల్లో అది అతి చిన్నదని రామానుజన్ వెంటనే చెప్పారు. 1 ఘనం, 12 ఘనం కలిపితే 1 + 1728. 9 ఘనం, 10 ఘనం కలిపితే 729 + 1000. రెండూ 1729. దీన్ని మహిమగా చెప్పుకుంటాం గానీ, ఈ సంఖ్య ఆయన పాత నోటు పుస్తకాల్లోనే ఉంది. ఏళ్ల తరబడి ఘనాల సమీకరణాలతో కుస్తీ పట్టిన మనిషికి అది పాత నేస్తం. చేసిన సాధనే ఆ క్షణాన నోటికి వచ్చింది.

ఒక ఉత్తరం, చివరి ఏడాది

ఆయన సేవలకు గుర్తింపుగా మద్రాసు విశ్వవిద్యాలయం ఏడాదికి 250 పౌండ్లు ఇవ్వడానికి నిర్ణయించింది. దానికి సమాధానంగా 1919 జనవరిలో రామానుజన్ రాసిన ఉత్తరం నా దృష్టిలో ఆయన సూత్రాలతో సమానమైనది. ఆ మొత్తం తన అవసరాలకు మించి ఉందని చెప్పారు. తన తల్లిదండ్రులకు ఏడాదికి 50 పౌండ్లు ఇచ్చి, తన ఖర్చులు పోగా మిగిలినదాన్ని పేద పిల్లల, అనాథల బడి ఫీజులు తగ్గించడానికి, పుస్తకాలు కొనడానికి వాడాలని కోరారు. పుస్తకం కొనలేని రోజులను ఆయన మరచిపోలేదు.

1919 మార్చిలో స్వదేశం చేరారు. ఆరోగ్యం కుదుటపడలేదు. జ్వరంతో మంచం మీద ఉండి కూడా లెక్కలు ఆపలేదు. 1920 జనవరిలో హార్డీకి రాసిన చివరి ఉత్తరంలో మాక్ తీటా ప్రమేయాలు అనే కొత్త విషయాన్ని తెలియజేశారు. 1920 ఏప్రిల్ 26న మద్రాసు చేట్‌పట్‌లో కన్నుమూశారు. అప్పటికి వయసు 32 ఏళ్లు. సముద్రం దాటి వెళ్లినందుకు సనాతనులైన బంధువులు చాలామంది అంత్యక్రియలకు రాలేదు. ఏర్పాట్లు చూసింది ఒకప్పటి నెల్లూరు కలెక్టరు రామచంద్రరావే. భార్య జానకి అమ్మాళ్ తర్వాత కుట్టుపని నేర్చుకుని తన కాళ్ల మీద తాను నిలబడి, 1994 వరకు జీవించారు.

ఆయన నోటు పుస్తకాలను 1957లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఉన్నవి ఉన్నట్టు అచ్చు వేసింది. చివరి ఏడాది రాసిన కాగితాలు ట్రినిటీ గ్రంథాలయంలో 1976లో జార్జి ఆండ్రూస్‌కు దొరికాయి. ఆ నోటు పుస్తకాల్లోని 3 వేలకు పైగా ఫలితాలకు నిరూపణలు సమకూర్చడానికి బ్రూస్ బెర్న్ట్ అనే ఆచార్యుడికి, ఆయన సహచరులకు ఏళ్లు పట్టింది. ఐదు సంపుటాలు 1985 నుంచి 1998 వరకు వెలువడ్డాయి.

మనం నేర్చుకోవలసింది

రామానుజన్ జీవితం నుంచి, గణితం బాగా వస్తే మిగతా సబ్జెక్టులు వదిలేయవచ్చని ఎవరూ అర్థం చేసుకోవద్దు. ఇంగ్లీషు తప్పినందుకు ఆయనకు దాదాపు పదేళ్లు పోయాయి. 32 ఏళ్లే బతికిన మనిషికి పదేళ్లు చిన్న నష్టం కాదు. మనకు సప్లిమెంటరీ ఉంది, ఆ రోజుల్లో లేని దారులున్నాయి. వాటిని వాడుకోవాలి.

రెండోది, బీజగణితం బట్టీకి లొంగదు. పుస్తకం మూసి, ఒక లెక్కను మొదటి నుంచి మనంతట మనమే రాబట్టిన రోజున అది మన సొంతమవుతుంది. అందుకు తెల్ల కాగితం కూడా అక్కర లేదు. పాత నోటు పుస్తకం వెనక అట్ట చాలు.

మూడోది పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు. రామానుజన్‌ను నిలబెట్టింది ఆయన మేధస్సు ఒక్కటే కాదు. ఇంట్లో భోజనానికి ఉన్న కళాశాల విద్యార్థులు, పుస్తకం తెచ్చిన స్నేహితులు, ఉచితంగా వైద్యం చేసిన డాక్టరు, మూడోసారి కూడా రమ్మన్న కలెక్టరు, పలకతో పక్కన కూర్చున్న పై అధికారి, ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేయని ఆచార్యుడు. ఇందరు కలిస్తే ఒక రామానుజన్. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాడిని నేను. నా బీజగణితం పుస్తకం మీద నా కంటే ముందు ముగ్గురు సీనియర్ల పేర్లు రాసి ఉండేవి. మీరు హాస్టల్ వదిలి వెళ్లేటప్పుడు మీ పుస్తకాలు పాత కాగితాల కొట్టుకు వేయకండి. పేరు రాసి గ్రంథాలయం బీరువాలో పెట్టండి. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఒక అరగంట ఆగి, ఫెయిలైన తమ్ముడితో ఒక లెక్క చేయించి వెళ్లండి. అతడు మిమ్మల్ని మించిపోతే, అందులో మీ అరగంట కూడా ఉంటుంది.